కొలైటిస్‌తో కాపురం



ముందుగా ఒక మాట. ఈ ప్రసంగంలో మలం, నెత్తురు, జిగట అనే మాటలు చాలాసార్లు దొర్లుతాయి. కంచం ముందు కూర్చున్నవాళ్ళెవరైనా ఉంటే రేడియో కాస్త తగ్గించి, చెయ్యి కడుక్కున్నాక మళ్ళీ పెంచుకోండి. నేనైతే ఆ మాటల్ని మింగెయ్యను. వాటిని పైకి చెప్పలేకే చాలామంది నెలల తరబడి, కొందరు ఏళ్ళ తరబడి సరైన వైద్యం లేకుండా ఉండిపోతున్నారు. నేను కడుపు, పేగుల జబ్బులు చూసే డాక్టర్ని. ఇవాళ చెప్పబోయేది అల్సరేటివ్ కొలైటిస్ గురించి. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, నెత్తురు కారే జబ్బు ఇది. ఒకసారి వచ్చిందంటే మనతోనే ఉంటుంది. కొన్నాళ్ళు అణిగి ఉంటుంది, తిరగబెడుతుంది, మందులతో మళ్ళీ అణుగుతుంది.

ఈమధ్య చూసిన ఒక కుర్రాడి సంగతి చెబుతాను. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, దాన్నిండా పాత చీటీలు. అన్నిటికన్నా పైన మొలలకు రాసిన పూతమందు. దాని కింద, అమీబా అని రాసిన మెట్రోనిడజోల్, రెండు వేర్వేరు క్లినిక్కులవి. ఇంకా కింద ఏదో లేహ్యం కొన్న బిల్లు. "ఒంట్లో వేడి చేసిందిరా, మజ్జిగలో మెంతులు నానబెట్టి తాగు" అని మేనమామ చెప్పిన వైద్యానికి మాత్రం చీటీ లేదు. "రోజుకి ఎన్నిసార్లు వెళ్తున్నావు బాబూ?" అని అడిగాను. "పగలు ఆరేడు సార్లు సార్. రాత్రి నిద్రలో కూడా లేవాల్సి వస్తోంది. చిక్కడపల్లి లైబ్రరీలో బాత్రూమ్ దగ్గర కుర్చీ వేరేవాళ్ళు పట్టేస్తారని పొద్దున్నే వచ్చి కూర్చుంటున్నా" అన్నాడు. నెత్తురు పడుతోందా అంటే తలూపాడు. ఎప్పట్నుంచి అంటే, నోటిఫికేషన్ పడ్డప్పట్నుంచి అన్నాడు. ఆ కవర్లో చీటీ రాసిన వాళ్ళలో ఒక్కరూ లోపలికి చూసిన దాఖలా లేదు.

అతను చెప్పినదాంట్లో నన్ను ఆపింది రాత్రి లేవడం. కంగారు వల్ల, పేగు సున్నితం కావడం వల్ల వచ్చే విరేచనాలు మామూలుగా మనిషిని నిద్రలోంచి లేపవు. ఇక నెత్తురు సంగతి. మొలల నెత్తురు చాలావరకు మలం మీద చారగానో, చివర్న బొట్లుబొట్లుగానో పడుతుంది. కొలైటిస్ నెత్తురు మలంలోనూ జిగటలోనూ కలిసిపోయి వస్తుంది. వచ్చిందంటే ఆగదు, పరుగెత్తాలి. తీరా కూర్చుంటే చెంచాడు జిగట, నెత్తురు. లేచాక ఇంకా ఉన్నట్టే ఉంటుంది. ఇలా రెండు మూడు వారాలు సాగిందంటే మందుల షాపుకి కాదు, ఆసుపత్రికి వెళ్ళాలి. మన దేశంలో అమీబా, పేగుల టీబీ, ఇంకొన్ని ఇన్‌ఫెక్షన్లు కూడా ఇదే వేషంలో వస్తాయి. అందుకే మలపరీక్ష, కెమెరా గొట్టంతో పేగు లోపల చూసే కొలనోస్కోపీ, చిన్న ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడటం, ఇవన్నీ కలిస్తేనే నిర్ధారణ. ఊహ మీద స్టెరాయిడ్ మొదలుపెట్టి, లోపలున్నది అమీబా అయితే పేగుకి చిల్లు పడే దాకా పోవచ్చు.

ఈ తికమక మన ఊరి డాక్టర్లకే పరిమితం కాదులెండి. లండన్‌లో శామ్యూల్ విల్క్స్ అనే డాక్టరు 1859లో చనిపోయిన ఒక మహిళ పేగుల్ని పరీక్షించి రాసిన నివేదికతోనే ఈ జబ్బు వైద్యగ్రంథాలకెక్కింది. ఆ నివేదికను తర్వాతి కాలంలో చదివిన నిపుణులు, ఆమెకున్నది దీని దాయాది అయిన క్రోన్స్ జబ్బు కావచ్చన్నారు. తొలి కేసులోనే అనుమానం!

కొలనోస్కోపీ తెర మీద ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగు లేత గులాబీ రంగులో, తడిగా మెరుస్తుంది. పొర కింద సన్నని రక్తనాళాలు రావి ఆకు ఈనెల్లా పాయలుపాయలుగా కనిపిస్తాయి. కొలైటిస్‌లో ముందు మాయమయ్యేవి ఆ నాళాలే. పొర ఉబ్బి, ఎర్రబడి, గరుకు తేలుతుంది. గొట్టం తగిలితే చాలు నెత్తురు ఊరుతుంది. మలద్వారానికి ఆనుకుని ఉండే పురీషనాళంలో మొదలై, మధ్యలో ఎక్కడా జాగా వదలకుండా పైకి పాకడం దీని పద్ధతి. కొందరికి పురీషనాళంలోనే ఆగిపోతుంది. కొందరికి ఎడమవైపు పేగంతా పడుతుంది. కొందరికి పెద్దపేగు మొత్తం. మీకు ఈ జబ్బుంటే, అది ఎంత పొడవున ఉందో మీకు తెలిసి ఉండాలి. రిపోర్టులో రాసే ఉంటుంది, చదవండి, అర్థం కాకపోతే అడగండి. ముందుముందు మీకు ఎంత ప్రమాదం అన్నది చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఎందుకొస్తుంది అంటే ఒక్క కారణం చెప్పలేం. బయటి క్రిముల మీదికి వెళ్ళాల్సిన మన రోగనిరోధక శక్తి మన పేగు పొర మీదికే తిరగబడుతుంది. జన్యువుల పాత్ర కొంత, పేగులో ఉండే బాక్టీరియా పాత్ర కొంత, మారిన తిండి, బతుకుతీరుల పాత్ర కొంత. కారం తినడం వల్ల రాదు. ఒకరి నుంచి ఇంకొకరికి అంటదు. పట్నం జబ్బు, డబ్బున్నవాళ్ళ జబ్బు అనుకునేవాళ్ళం ఒకప్పుడు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు పల్లెల్లోనూ పట్నాల్లోనూ కడుపు బాధలతో ఉన్న 30 వేల మందికి పైగా కొలనోస్కోపీ చేసి, 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెకీ పట్నానికీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. కాబట్టి మా ఊళ్ళో ఇలాంటివి ఉండవండీ అనే మాట ఇక చెల్లదు.

జబ్బు పేరు తెలిశాక మొదలయ్యే భయాలు నేను రోజూ వింటూంటాను. కొలనోస్కోపీ అంటే భయం, కాన్సర్ అంటే భయం, ఆవకాయ అంటే భయం. నిజంగా ప్రమాదం పొంచి ఉన్న చోట్ల మాత్రం భయం జాడే ఉండదు. బాగుందని మందు మానేసేటప్పుడు ఉండదు. మోకాలి నొప్పికి షాపులో బిళ్ళ కొనేటప్పుడు ఉండదు. ఎనిమిదేళ్ళు హాయిగా గడిచిపోయాక అసలే ఉండదు. ఇవాళ నా గోడంతా ఈ చోట్ల గురించే.

మందుతోనే మొదలుపెడతాను. స్వీడన్‌లో నన్నా స్వార్ట్స్ అనే మహిళా ప్రొఫెసర్ 1940 ప్రాంతంలో కీళ్ళవాతం కోసం సల్ఫాసలజీన్ అనే మందు రూపొందించారు. కొలైటిస్ ఉన్నవాళ్ళకి అది బాగా పనిచేసింది. ఆ మందులో రెండు భాగాలున్నాయి. పేగు మీద పనిచేసేది ఏది? ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న బంగ్లాదేశ్ వైద్యుడు ఆజాద్ ఖాన్, తన సహచరులతో కలిసి 1977లో తేల్చారు. అలా విడిగా తీసుకున్న భాగమే ఇవాళ దాదాపు ప్రతి కొలైటిస్ రోగి చీటీలోనూ ఉండే మెసలమిన్. ఇది నిరోధక శక్తిని అణిచే మందు కాదు, స్టెరాయిడ్ కాదు, అలవాటు పడే మందు కాదు. ఏళ్ళ తరబడి వాడొచ్చు. అప్పుడప్పుడు కిడ్నీ పనితీరు పరీక్ష చేయించుకుంటే చాలు.

అయినా మానేస్తారు. నెత్తురు ఆగింది, బరువు పెరిగింది, ఇంకెందుకు బిళ్ళలు అనుకుంటారు. అత్తగారు "రోజూ గుప్పెడు మందులేంటమ్మా, వేడి చేస్తుంది" అంటుంది. జబ్బు అణిగి ఉన్నవాళ్ళ మీద అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, మెసలమిన్ సరిగ్గా వాడనివాళ్ళకి జబ్బు తిరగబెట్టే ప్రమాదం వాడేవాళ్ళకంటే ఐదు రెట్లు ఎక్కువని తేలింది. బాగున్నది జబ్బు పోయినందువల్ల కాదు, మందు పనిచేస్తున్నందువల్ల.

పురీషనాళం వరకే ఉన్నవాళ్ళకి నోటి బిళ్ళలకన్నా మలద్వారంలో పెట్టుకునే మందు, సపోజిటరీ, ఎక్కువ మేలు చేస్తుంది. మందు నేరుగా పుండు మీదికే చేరుతుంది కదా. కానీ ఆ మాట అనగానే పెద్దపెద్ద ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా గోడ వైపు చూస్తారు. మా నర్సమ్మ వాళ్ళని పక్కగదిలోకి తీసుకెళ్ళి వివరంగా చెబుతుంది. రాత్రి పడుకునే ముందు ఒకసారి దొడ్డికి వెళ్ళి రావాలి. ఎడమవైపుకి తిరిగి, కుడి మోకాలు పొట్ట దగ్గరికి మడవాలి. బిళ్ళ కొసని నీళ్ళతో తడిపి, మొన ముందుగా, వేలు సగం లోపలికి వెళ్ళేంత వరకు నెట్టాలి. ఆ తర్వాత లేవకుండా పడుకోవాలి. మొదటి రెండు మూడు రాత్రులు మందు బయటికి వచ్చేస్తోందని ఫోన్లు వస్తాయి. వాపు తగ్గేకొద్దీ నిలుస్తుంది. అన్నట్టు, ఆ బిళ్ళని నోట్లో వేసుకుని మంచినీళ్ళు తాగి మింగేసిన పెద్దమనుషులు కూడా ఉన్నారు. చెప్పనిది మేమే కాబట్టి తప్పు వాళ్ళది కాదు.

ఇక స్టెరాయిడ్లు. వీటి మీద నాకు కోపమూ గౌరవమూ రెండూ ఉన్నాయి. ఇవి రాకముందు తీవ్రమైన కొలైటిస్ దాడిలో దాదాపు నలుగురిలో ఒకరు చనిపోయేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ మీద చేసిన పరీక్ష ఫలితాలు 1955లో ప్రచురించాక ఆ లెక్క మారిపోయింది. ఇవాళ మంచి ఆసుపత్రిలో అది నూటికి ఒకరిద్దరి దాకా దిగింది. ప్రాణం నిలిపే మందు, సందేహం లేదు. కానీ మంటని ఆర్పడానికే తప్ప, మళ్ళీ రాకుండా కాపలా కాయడానికి స్టెరాయిడ్ పనికిరాదు. ఇది చాలామందికి తెలియదు. పాత చీటీ పట్టుకెళ్ళి, తిరగబెట్టినప్పుడల్లా ప్రెడ్నిసొలోన్ కొనుక్కుని ఏళ్ళకేళ్ళు నెట్టుకొస్తారు. చివరికి షుగరు, కంట్లో శుక్లాలు, గుల్లబారిన ఎముకలు, ఉబ్బిన మొహంతో వస్తారు. ఇంకొందరు ఇదంతా విని, భయపడి ఒక్కరోజులో ఆపేస్తారు. అది ఇంకా ప్రమాదం. ఒళ్ళు తనంతట తాను చేసుకోవాల్సిన స్టెరాయిడ్‌ని అప్పటికే మానేసి ఉంటుంది. వారం వారం తగ్గించుకుంటూ రావాల్సిందే. ఏడాదిలో రెండోసారి స్టెరాయిడ్ అవసరం పడిందంటే, మీ వైద్యం మార్చాల్సిన సమయం వచ్చిందని అర్థం. ఆ మాట డాక్టరు అనకపోతే మీరే అడగండి.

నొప్పి మాత్రల సంగతి కూడా ఇలాంటిదే. ఈ జబ్బులో కొందరికి కీళ్ళు వాచి నొప్పి పెడతాయి, అది జబ్బులో భాగమే. ఆ నొప్పికి షాపువాళ్ళిచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి అణిగి ఉన్న పేగుని రేపొచ్చు. జ్వరానికైనా నొప్పికైనా పారాసిటమాల్ చాలు. పన్ను పీకించుకోవడానికి వెళ్ళినా సరే, నాకు కొలైటిస్ ఉందని ముందే చెప్పండి.

జబ్బున్న ప్రతి అయిదుగురిలో సుమారు ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు తీవ్రమైన దాడి వస్తుంది. దాన్ని గుర్తుపట్టడానికి ట్రూలవ్, విట్స్‌లు ఆ రోజుల్లో చెప్పిన కొలతలే ఇవాళ్టికీ వాడుతున్నాం. రోజుకి ఆరు అంతకంటే ఎక్కువసార్లు నెత్తురుతో విరేచనాలు, దాంతోపాటు ఈ నాలుగింటిలో ఏ ఒక్కటైనా: నిమిషానికి 90 దాటిన నాడి, 100 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, 10.5 కన్నా తగ్గిన హిమోగ్లోబిన్, ఒంట్లో వాపుని చూపే రక్తపరీక్ష ఈఎస్ఆర్ 30 దాటడం. నాడి, జ్వరం ఇంట్లోనే చూసుకోవచ్చు. ఇవి కనబడితే తెల్లారేదాకా ఆగొద్దు. విరేచనాలు కట్టే బిళ్ళ వేసుకుని కూర్చోవడం మరీ ప్రమాదం. కదలిక ఆగిన పేగు గాలితో ఉబ్బిపోతుంది. ఎక్స్‌రేలో పెద్దపేగు వెడల్పు 6 సెంటీమీటర్లు దాటిందంటే అది ఎప్పుడైనా పగలొచ్చు.

వార్డులో ప్రతిసారీ వాదన జరిగే సంగతి ఒకటుంది. తీవ్రమైన దాడితో చేరిన మనిషికి నర్సు పొట్ట మీద చిన్న ఇంజెక్షన్ చేస్తుంది. అదేంటని అడిగి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ అని తెలిశాక ఇంటివాళ్ళు లేస్తారు. "ఒకపక్క నెత్తురు పోతోంటే రక్తం పలచబడే సూది వేస్తారా?" అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ పేగు మండుతున్నప్పుడు ఒళ్ళంతా రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. ఈ జబ్బున్నవాళ్ళకి కాళ్ళ సిరల్లో, ఊపిరితిత్తుల్లో గడ్డలు ఏర్పడే ప్రమాదం మామూలు మనుషులకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ. దాడి సమయంలో ఇంకా ఎక్కువ. విరేచనంలో పోయే నెత్తురు కనిపిస్తుంది, ఊపిరితిత్తికి చేరే గడ్డ కనిపించదు. అందుకే ఆ సూది వద్దనకండి. ఒక కాలు మాత్రమే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా వెంటనే చెప్పండి.

మెసలమిన్‌కి లొంగనివాళ్ళకి పెద్ద మందులున్నాయి. అజతయోప్రిన్ అనే బిళ్ళ మన భారతీయుల్లో కొందరికి జన్యుకారణాల వల్ల పడదు. తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అందుకే మొదలుపెట్టిన కొత్తలో వారం రెండు వారాలకోసారి రక్తపరీక్ష రాస్తాం. ల్యాబు కమీషన్ కోసం రాశారని దాన్ని దాటెయ్యకండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడలిముమాబ్ లాంటి ఇంజెక్షన్లకి ముందు టీబీ పరీక్షలు తప్పనిసరి. మన దేశంలో ఎంతోమంది ఒంట్లో టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటుంది. ఈ మందులు దాన్ని లేపగలవు. ఛాతీ ఎక్స్‌రే, చర్మపరీక్షో రక్తపరీక్షో చేయించి, అవసరమైతే ముందు టీబీ మందులు కొన్నాళ్ళు వాడి, తర్వాత ఇవి మొదలుపెడతాం. మన కంపెనీలే తయారు చేస్తున్న టోఫాసిటినిబ్ బిళ్ళతో చాలామందికి ఖర్చు తగ్గింది, కానీ దానితో సర్పి వచ్చే అవకాశం, కొందరికి రక్తం గడ్డకట్టే అవకాశం పెరుగుతాయి. ఈ మందులకి ముందే హెపటైటిస్-బి, న్యుమోనియా, ఫ్లూ టీకాలు వేయించుకుంటే మంచిది. బతికున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం ఈ మందులు వాడుతూ వేయించుకోకూడదు.

ఇన్ని చేసినా తిరగబెట్టొచ్చు. జపాన్ మాజీ ప్రధాని షింజో అబేకి కుర్రవయసు నుంచే ఈ జబ్బు ఉండేది. 2007లో ఆయన మొదటిసారి పదవి వదులుకోవడానికి ఇది ఒక కారణం. కొత్త మందుతో కుదుటపడి 2012లో మళ్ళీ ప్రధాని అయ్యారు. ఆ దేశ చరిత్రలో అందరికన్నా ఎక్కువకాలం ఆ పదవిలో ఉన్నారు. 2020 ఆగస్టులో మళ్ళీ తిరగబెట్టడంతో రాజీనామా ప్రకటించారు. ప్రధానికి వైద్యంలో లోటుంటుందా? లేదు కదా. అందుకే జబ్బు తిరగబెట్టిన మనిషిని పట్టుకుని "ఏం తిన్నావ్? ఎక్కడ తిన్నావ్?" అని నిలదీయకండి.

తిండి ప్రస్తావన వచ్చింది కాబట్టి రెండు ముక్కలు. ఫలానా తిండి తింటే ఈ జబ్బు పోతుందని రుజువు లేదు, ఫలానాది తింటే అందరికీ పెరుగుతుందనీ లేదు. తిరగబెట్టిన రోజుల్లో పీచు, పచ్చి కూరలు, కారం తగ్గించి మెత్తటి అన్నం, పప్పుకట్టు, గుడ్డు, అరటిపండు తినండి. పెరుగన్నం పడితే నిక్షేపంగా తినొచ్చు. పాలు పడనివాళ్ళే పాలు మానాలి. అణిగి ఉన్నప్పుడు అందరితో పాటే కూర్చుని తినండి, ఆవకాయ మీకు పడుతుందో లేదో మీ కడుపే చెబుతుంది. పథ్యం పేరుతో గంజి మీద బతికి, నెత్తురు లేక పాలిపోయిన ఆడపిల్లల్ని చూసినప్పుడు నాకు ఆ పథ్యం చెప్పినవాళ్ళ మీద ఒళ్ళు మండుతుంది. పసుపు గురించి అందరూ అడుగుతారు. పసుపులోని కర్క్యుమిన్‌ని పెద్ద మోతాదులో మెసలమిన్‌కి తోడుగా ఇచ్చినప్పుడు కొంత మేలు కనబడ్డ మాట నిజం. తక్కువ మోతాదుతో మన దేశంలోనే చేసిన పరీక్షలో ఫలితం రాలేదు. పాలల్లో చిటికెడు పసుపు వేసుకుని మందు మానెయ్యడం వైద్యం కాదు.

పెళ్ళి చేయొచ్చా అని తల్లిదండ్రులు, పిల్లకి వినబడకుండా, తలుపు దగ్గర ఆగి అడుగుతారు. చేయొచ్చు. దాచి మాత్రం చేయకండి, దాచితే మందులు కూడా దాచుకుని వేసుకోవాలి, దాచుకోలేక మానేస్తారు. అమ్మకో నాన్నకో ఈ జబ్బుంటే నూటికి 95 మందికి పైగా పిల్లలకి రాదు. గర్భం జబ్బు అణిగి ఉన్నప్పుడు దాల్చాలి. దాల్చాక మెసలమిన్‌తో సహా చాలా మందులు కొనసాగించాలి. కడుపులో బిడ్డకి మందులకన్నా మండుతున్న పేగే ఎక్కువ చేటు. సల్ఫాసలజీన్ వాడే మగవాళ్ళకి వీర్యకణాలు తగ్గొచ్చు, మందు మారిస్తే రెండు మూడు నెలల్లో మామూలవుతాయి. పిల్లలు కలగలేదని కోడలికి పరీక్షల మీద పరీక్షలు చేయించే ముందు అబ్బాయి మందుల డబ్బా చూడండి.

ఇక కాన్సర్. 2001లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి వేసిన లెక్క ప్రకారం, జబ్బు మొదలైన 10 ఏళ్ళకి నూటికి ఇద్దరికి, 20 ఏళ్ళకి ఎనిమిది మందికి, 30 ఏళ్ళకి పద్దెనిమిది మందికి పెద్దపేగు కాన్సర్ రావచ్చు. ఇంటర్నెట్‌లో ఈ పద్దెనిమిది చూసి నిద్ర పోనివాళ్ళు చాలామంది. తర్వాత వచ్చిన అధ్యయనాల్లో లెక్క ఇంతకన్నా బాగా తక్కువే ఉంది. మంచి మందులు వచ్చాయి, ముందే పట్టుకునే కొలనోస్కోపీలు వచ్చాయి. పైగా ఈ ముప్పు అందరికీ ఒకటి కాదు. పురీషనాళం వరకే ఉన్నవాళ్ళకి పెద్దగా పెరగదు. పేగంతా ఉన్నవాళ్ళకి, వాపు ఎప్పుడూ పూర్తిగా అణగనివాళ్ళకి, ఇంట్లో దగ్గరివాళ్ళకి పెద్దపేగు కాన్సర్ ఉన్నవాళ్ళకి ఎక్కువ. కొలైటిస్‌తో పాటు పిత్తనాళాలు ఇరుకయ్యే కాలేయపు జబ్బు కూడా ఉంటే మరీ ఎక్కువ, వాళ్ళకి ఆ జబ్బు తెలిసిన రోజు నుంచే ఏటా కొలనోస్కోపీ చేయాలి.

మిగిలిన అందరికీ లెక్క 8 ఏళ్ళు. లక్షణాలు మొదలైన 8 ఏళ్ళకి ఒకసారి పేగంతా చూడాలి. జబ్బు పురీషనాళం దాటి ఉంటే ఆ తర్వాత, ముప్పుని బట్టి, ఏడాది నుంచి అయిదేళ్ళ మధ్య మళ్ళీ మళ్ళీ చూడాలి. "బాగానే ఉన్నాను కదా డాక్టరు గారూ, బాధ వచ్చినప్పుడు చేయించుకుంటా" అంటారు. బాధ వచ్చినప్పుడు చేస్తే ఈ పరీక్ష ప్రయోజనమే దెబ్బతింటుంది. వాచిన పొరలో కణాలు మామూలుగానే వికారంగా కనబడతాయి. కాన్సర్‌కి ముందు వచ్చే మార్పు ఏదో, వట్టి వాపు ఏదో మైక్రోస్కోపు కింద తేల్చుకోవడం కష్టం. జబ్బు అణిగి ఉన్నప్పుడే నీలి రంగు ద్రవం చల్లి, అనుమానం ఉన్న చోట ముక్క తీసి చూడగలం. ఆ దశలో దొరికితే చాలాసార్లు గొట్టంతోనే తీసేయొచ్చు. పరీక్షలో నిజంగా విసుగు పుట్టించేది, పేగు శుభ్రం కావడానికి ముందురోజు రాత్రి తాగాల్సిన, పొడి కలిపిన ఉప్పటి నీళ్ళే. చల్లగా చేసుకుని, నిమ్మరసం పిండుకుని, గుక్కకీ గుక్కకీ మధ్య కాసేపు నడవండి. పరీక్ష మాత్రం మత్తులో అయిపోతుంది.

మందులకి లొంగకపోయినా, కాన్సర్ మార్పులు కనబడినా పెద్దపేగు మొత్తం తీసేయాల్సి రావొచ్చు. దాన్ని ఓటమిగా చూడకండి. లండన్‌లో పార్క్స్, నికల్స్ అనే సర్జన్లు 1978లో చిన్నపేగు చివరిభాగంతోనే ఒక సంచీ కుట్టి, మలద్వారానికి కలిపే పద్ధతి ప్రచురించారు. అది చేయించుకున్నవాళ్ళు రోజుకి అయిదారుసార్లు వెళ్తారు, కానీ పరుగెత్తక్కర్లేదు. అది కాకుండా, మలం పట్టే బ్యాగు పొట్ట మీద పెట్టుకుని ఆఫీసుకెళ్ళేవాళ్ళున్నారు, పొలం పనులు చేసుకునేవాళ్ళున్నారు.

జబ్బు లేనివాళ్ళకి కూడా ఒక విన్నపం. ఆర్టీసీ బస్సు ఎక్కాలంటే ముందురోజు మధ్యాహ్నం నుంచి తిండి మానేసే ఒక టైలరమ్మ నా దగ్గరికి వస్తుంది. డ్రైవరన్నని ఆపమని అడగడం సిగ్గు, ఆపినా రోడ్డు పక్క ఆడమనిషికి చోటుండదు. "అర్జెంటు" అని ఎవరైనా అడిగితే, తాగి వచ్చి అడుగుతున్నారనుకోకండి. బస్సు ఒక పెట్రోలు బంకు దగ్గర ఆపండి. స్కూల్లో పిల్లవాడు పదేపదే వేలు చూపిస్తే ఎగవేస్తున్నాడని కూర్చోబెట్టకండి. మీ షాపులో, ఆఫీసులో బాత్రూమ్ తాళం అడిగినవాళ్ళకి ఇవ్వండి.

కొలైటిస్ ఉన్న శ్రోతలు ఈ రాత్రికి మీ ఫైలు బయటికి తీయండి. జబ్బు మొదలైన సంవత్సరం, అది ఎంతవరకు పాకింది, చివరి కొలనోస్కోపీ తేదీ, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. మొదలై 8 ఏళ్ళు దాటి, ఆ తర్వాత ఒక్కసారి కూడా లోపల చూడకపోతే, రేపు పొద్దున్నే మీ డాక్టరుకి ఫోన్ చేసి కొలనోస్కోపీకి రోజు ఖాయం చేసుకోండి. సెలవు.